వరద మనది, బొమ్మ ఎవరిది?

కర్నూలు వరద మీద యూట్యూబ్‌లో ఏ వీడియో తెరిచినా దాదాపు అవే బొమ్మలు. మేడల మీద నిలబడి చేతులూపుతున్న జనం, పైనుంచి తీసిన నీళ్ళ మధ్య ఊరు, బురదలో బోర్లాపడిన ఆటోలు. తెర మీద ఒక మూల మాత్రం మసగ్గా ఉంటుంది. ఆ మసక కింద ఏదో న్యూస్ చానెల్ లోగో ఉంటుంది. ఎడిటింగ్ తెలిసిన కుర్రాడు దాన్ని బ్లర్ చేసి, మీద ఏడుపు సంగీతం వేసి, పెద్ద అక్షరాలతో థంబ్‌నెయిల్ పెట్టి వదులుతాడు. ఇంకొకడు ఆ వీడియోలోంచి తీసుకుంటాడు. వాడి దగ్గర్నుంచి మరొకడు. పదోవాడి చేతికి వచ్చేసరికి ఆ నీళ్ళు నీళ్ళలా కూడా ఉండవు, గళ్ళుగళ్ళుగా కదులుతుంటాయి.

నేను కర్నూల్లో ఉండి చిన్న డాక్యుమెంటరీలు, సంస్థల వీడియోలు ఎడిట్ చేసుకుని బతుకుతాను. పాత ఫుటేజ్ వెతికి తెచ్చే పని కూడా అందులో భాగమైపోయింది. ఈ పనిలో నాకు ఒక గట్టి అభిప్రాయం ఏర్పడింది, మా తోటివాళ్ళలో చాలామందికి అది నచ్చదు. పాత వీడియో వాడుకునేవాడు డబ్బు ఇవ్వాలి, కాగితం రాయించుకోవాలి. లండన్‌లోని ఏజెన్సీ అడిగితే నోరు మూసుకుని కడతాం కదా, పాతబస్తీలో నేడో రేపో షట్టర్ దించబోయే ఫొటో స్టూడియో భాయ్‌కి కూడా అలాగే కట్టాలి. "మనోళ్ళమే కదప్పా, కాగితం ఏంటికి?" అనే ఆ మర్యాదే మన ప్రాంతపు బొమ్మల్ని చంపేస్తోంది.

2009 సంగతే తీసుకోండి. సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఎక్కిన హెలికాప్టర్ నల్లమలలో కూలింది. దేశంలో ఉన్న కెమెరాలన్నీ కర్నూలు దారి పట్టాయి. సరిగ్గా నెల తిరిగేసరికి, అక్టోబరు 2న, ఒకవైపు తుంగభద్ర, ఇంకోవైపు హంద్రీ ఊళ్ళోకి వచ్చేశాయి. శ్రీశైలం డ్యామ్‌కి దాదాపు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చిపడింది, డ్యామ్ కట్టేటప్పుడు వేసుకున్న లెక్క అంతకంటే చాలా తక్కువ. మంత్రాలయం మునిగింది. వెళ్ళిపోయిన కెమెరాలు మళ్ళీ వచ్చాయి. కానీ బయటి కెమెరా ఎప్పుడూ నీళ్ళు వచ్చాకే వస్తుంది. నీళ్ళు వీధిలోకి, వీధిలోంచి గడప మీదికి, గడప మీద నుంచి మెట్ల మీదికి ఎక్కుతున్నప్పుడు తీసినవాళ్ళు ఊళ్ళోవాళ్ళు. పెళ్ళిళ్ళకి వీడియోలు తీసే కుర్రాళ్ళు, కేబుల్ వాళ్ళు, ఇంట్లో హ్యాండీక్యామ్ ఉన్న ఒకరిద్దరు ఉద్యోగస్తులు.

అలా తీసిన ఒకాయన నాకు తెలుసు. మేడ మీద కూర్చుని, బ్యాటరీ ఉన్నంతసేపు తీశాడు. నీళ్ళు తగ్గిన తర్వాత ఒక చానెల్ వాళ్ళు వచ్చి, "అన్నా, ఒకసారి ఇవ్వు, కాపీ చేసుకుని ఇస్తాం, నీ పేరు వేస్తాం" అన్నారు. క్యాసెట్ వెళ్ళింది, తిరిగి రాలేదు. పేరు కూడా వేయలేదు. ఆయన తీసిన బొమ్మ ఇప్పటికీ ఏటా అక్టోబరులో టీవీలో వస్తుంది, మీద ఎవరిదో లోగోతో. ఆయన్ని అడిగితే నవ్వుతాడు. "ఇచ్చినప్పుడు రాయించుకోవల్లంటే సిగ్గయిందప్పా, ఊరు మునిగిపోయింటే నేను కాగితం అడుగుతానా?" అంటాడు. ఆయన సిగ్గు నాకు అర్థమవుతుంది. చానెల్‌కి సిగ్గు లేకపోవడం కూడా అర్థమవుతుంది, అది వాళ్ళ వ్యాపారం. అర్థం కానిది, ఇంత జరిగాక కూడా మనం ఆ పద్ధతినే ఆప్యాయత అని పిలుచుకోవడం.

బయటివాళ్ళ దగ్గర మన బొమ్మలు ఏమున్నాయో ముందు చెప్తాను, ఎందుకంటే అందరూ అక్కడే మొదలుపెడతారు.

బ్రిటిష్ పాథే 2014లో తన దగ్గరున్న 85,000 పాత ఫిల్ములు యూట్యూబ్‌లో పెట్టింది. మరుసటి ఏడాది అసోసియేటెడ్ ప్రెస్ అనే వార్తా సంస్థ, బ్రిటిష్ మూవీటోన్‌తో కలిపి, అయిదున్నర లక్షలకి పైగా వార్తా కథనాలు పెట్టింది. అప్పటినుంచీ మన కుర్రాళ్ళకి పండగ. కానీ వాళ్ళు పెట్టింది చూసి కొనుక్కోమని, ఎత్తుకుపొమ్మని కాదు. కావలసిన ముక్క ఏ సెకను నుంచి ఏ సెకను దాకానో రాసి అడిగితే ధర చెప్తారు. ఆ ధర సెకన్ల లెక్కన ఉంటుంది, పైగా కనీసం ఇన్ని సెకన్లు కొనాలనే షరతు పెట్టేవాళ్ళు ఎక్కువ. మీకు కావలసింది నాలుగు సెకన్లయినా ఆ కనీసానికి డబ్బు కట్టాలి. ధర మూడు ప్రశ్నల మీద మారుతుంది. ఎక్కడ చూపిస్తారు, ఏయే దేశాల్లో, ఎన్నేళ్ళు? "అన్ని మాధ్యమాలు, ప్రపంచమంతా, శాశ్వతంగా" అని అడిగితే వచ్చే అంకె చూసి మన బడ్జెట్ కళ్ళు తేలేస్తుంది. అలా అడగకూడదు. ముందు ఫిల్మ్ ఫెస్టివల్స్ వరకు హక్కు ఎంత, తర్వాత ఎవరైనా కొంటే టీవీకి, ఓటీటీకి పెంచుకోవడానికి ఎంత, రెండూ ఒకే ఉత్తరంలో అడిగి రాతపూర్వకంగా తీసుకోవాలి. సినిమా అమ్ముడుపోయాక అడిగితే బేరం వాళ్ళ చేతికి పోతుంది.

ముందే తీసిపెట్టిన బొమ్మలు అమ్మే స్టాక్ సైట్లలో "రాయల్టీ ఫ్రీ" అని ఉన్నదాన్ని ఊరికే ఇస్తున్నారనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఒక్కసారి కొంటే వాడిన ప్రతిసారీ మళ్ళీ కట్టక్కర్లేదు, అంతే. అలాగే "ఎడిటోరియల్" అని రాసి ఉంటే వార్తకి, డాక్యుమెంటరీకి వాడుకోవచ్చు గానీ రియల్ ఎస్టేట్ యాడ్‌లో పెట్టకూడదు. బొమ్మలో కనిపించే మనుషులు సంతకం పెట్టలేదు కాబట్టి ఆ షరతు. ఇది చెప్తే మా క్లయింట్లు నన్ను చాదస్తుడిలా చూస్తారు.

వెతకడంలో అసలు చిక్కు వేరే. మన ఊళ్ళ పేర్లు వాళ్ళు వాళ్ళకి తోచినట్టు రాసుకున్నారు. కడపకి ఇంగ్లీషులో రెండు డీలు పెట్టి చివర హెచ్ తగిలించిన పాత స్పెల్లింగు 2005 దాకా సర్కారు కాగితాల మీదే ఉంది, పాత కేటలాగుల్లో అదే ఉంటుంది. 1953కి ముందువి చాలావరకు మద్రాసు పేరు కింద పడుంటాయి. కొన్నింటికి "దక్షిణ భారతం, కరువు" అని తప్ప ఊరి పేరే ఉండదు. అప్పుడు పేరు వదిలేసి వస్తువుని వెతకాలి. కరువు, గంజి కేంద్రం, ఆనకట్ట, వేరుశనగ, మీటర్ గేజ్ రైలు. దొరికాక షాట్ లిస్ట్, అంటే ఏ ముక్కలో ఏముందో కెమెరామన్ రాసిన జాబితా, చదవాలి. అనంతపురం బొమ్మలకి నేను ఇంకో దారి పట్టాను, స్పానిష్‌లో వెతకడం. పల్లెల్లో సేవ చేసిన స్పెయిన్ దేశస్థుడు విసెంతే ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి, 2009లో పోయేదాకా అక్కడే ఉన్నాడు. స్పెయిన్‌లో ఆయన పేరు తెలియనివాళ్ళు తక్కువ. మన పల్లెల గురించి స్పానిష్‌లో ఉన్నంత ఇంగ్లీషులో లేదేమో అనిపిస్తుంది ఒక్కోసారి. అలాగే కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం దక్షిణాసియా కేంద్రంలో తెల్ల కుటుంబాలు ఇండియాలో సరదాగా తీసుకున్న హోమ్ మూవీలు ఆన్‌లైన్‌లో చూడొచ్చు. కుక్కలు, టెన్నిస్, వేట, వెనకాల ఎక్కడో మనవాళ్ళు బరువులు మోస్తూ. నాకైతే ఆ వెనకాలే కావాలి.

బయటి ఆర్కైవ్‌లు ఎంత తిరగేసినా చివరికి అర్థమయ్యేది ఒకటే, వాళ్ళు మనల్ని ఎప్పుడు చూశారన్నది. వరద, కరువు, రైతు చావు, ఫ్యాక్షన్, పుట్టపర్తి. సత్యసాయి బాబా పోయినప్పుడు, 2011 ఏప్రిల్‌లో, ప్రపంచంలోని ఏజెన్సీలన్నీ వచ్చాయి. మామూలు మంగళవారం నాడు మా కర్నూలు రాజ్‌విహార్ సెంటర్ ఎలా ఉండేదో ఏ ఏజెన్సీ తీయలేదు. ఎందుకు తీస్తుంది?

ఇక మన సర్కారు దగ్గరున్నవి. ఇక్కడ నాకు కోపం ఉంది, దాచుకోను.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. కర్నూలు రాజధాని. ప్రారంభానికి నెహ్రూ వచ్చాడు, ప్రకాశం ముఖ్యమంత్రి. ఆఫీసులకి చాలినన్ని భవనాలు లేక డేరాలు వేశారు. 1956 నవంబరు 1 దాకా మూడేళ్ళు ఈ ఊరు రాజధాని. ఊళ్ళో ఎ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపు అనే పేర్లు ఆనాటి గుర్తులే. ఆ రోజుల్లో కదిలే బొమ్మ అంటే ప్రధానంగా ఫిల్మ్స్ డివిజన్ న్యూస్‌రీలు. 1948లో మొదలైన ఆ సంస్థ వారం వారం సినిమాకి ముందు హాళ్ళలో వేసే వార్తా చిత్రాలు తీసింది. 2022లో ఆ సంస్థనీ, పుణెలో 1964లో పెట్టిన జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌నీ కేంద్ర ప్రభుత్వ సినిమా సంస్థ ఎన్.ఎఫ్.డి.సి.లో కలిపేశారు. కాబట్టి ఇప్పుడు ఉత్తరం రాయాల్సింది అక్కడికి. దూరదర్శన్ బొమ్మలకైతే ప్రసార భారతి ఆర్కైవ్స్.

ఇప్పుడు లెక్క చూడండి. మన కాపీరైట్ చట్టం ప్రకారం సినిమాకి, అందులోకే న్యూస్‌రీలూ వస్తుంది, విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు హక్కు. ప్రభుత్వం తీసినా అంతే. 1953లో హాళ్ళలో వేసిన న్యూస్‌రీలు మీద హక్కు 2013 డిసెంబరు 31తో తీరిపోయింది. అంటే అది ఇప్పుడు అందరిది. నాది, మీది, సి క్యాంపులో టీకొట్టు పెట్టుకున్నాయనది. కానీ రీలు డబ్బా మాత్రం ఒక గదిలో, ఒక బీరువాలో, ఒక తాళం కింద ఉంది. హక్కు చచ్చిపోయినా తాళం చావదు. బొమ్మ బయటికి రావాలంటే స్కానింగ్ ఖర్చు, కాపీ ఖర్చు, అడిగే ఉత్తరాలు, సంస్థ లెటర్‌హెడ్, వాటికి జవాబు వచ్చేదాకా ఓపిక.

స్కాన్ చేయడానికి ఖర్చవుతుంది, నిజమే. ముప్పై అయిదు ఎంఎం రీలుని శుభ్రం చేసి, ఫ్రేము ఫ్రేముగా స్కాన్ చేయడం చిన్న పని కాదు. ఆ ఖర్చు అడిగితే తప్పనను. కానీ ఒకసారి ప్రజల డబ్బుతో స్కాన్ అయిన తర్వాత, హక్కు తీరిన బొమ్మ, వాటర్‌మార్క్ లేకుండా, డౌన్‌లోడ్ బటన్‌తో సైట్‌లో ఉండాలి. అమెరికాలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు పనిలో భాగంగా తీసిన దానికి అక్కడ కాపీరైటే ఉండదు. అక్కడి యూనివర్సల్ న్యూస్‌రీళ్ళని కంపెనీ వాళ్ళ జాతీయ ఆర్కైవ్‌కి ఇచ్చేసి, అందరికీ వదిలేసింది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి వెళ్ళి నేను ఇప్పుడే, ఈ కర్నూలు గదిలో కూర్చుని, ఎన్నడూ చూడని ఊళ్ళ బొమ్మలు దించుకోగలను. నా ఊరు రాజధాని అయిన రోజు బొమ్మ కోసం మాత్రం ఉత్తరం రాసి కూర్చోవాలి.

డబ్బు కట్టమని వాదిస్తూనే ఇక్కడ ఊరికే ఇమ్మంటున్నావేంది అని అడగొచ్చు. తీసినవాడు, తీయించినవాడు బతికున్నంతకాలం, చట్టం ఇచ్చిన గడువు ఉన్నంతకాలం కట్టాలంటాను. గడువు తీరాక, అదీ మన పన్నులతో తీసినదాని మీద, ఇంకా కౌంటర్ తెరిచి కూర్చోవద్దంటాను. రెండూ ఒకే నోటితో అనొచ్చు.

సరే, నాకు బాగా తెలిసిన చోటికి వస్తాను. పెళ్ళి క్యాసెట్లు.

రాయలసీమ పట్టణాల వీధులు ఎనభైల చివర నుంచి రెండు వేల దాకా ఎలా ఉండేవో చూడాలంటే, ఏ ఆర్కైవ్ కంటే కూడా పెళ్ళి క్యాసెట్లు మేలు. తాళి కట్టే ఘట్టం నాకు అక్కర్లేదు, ఊరేగింపు కావాలి. బ్యాండు ముందు, కారు వెనక, నెత్తిన ట్యూబ్‌లైట్లు మోసే పిల్లలు రెండు వైపులా. కెమెరామన్‌కి చేతినిండా టైము, లైటు కూడా ఉంది కాబట్టి ఎటు పడితే అటు తిప్పుతాడు. అందులో పడిపోతుంది ఊరు మొత్తం. సినిమా పోస్టర్లు, ఎన్నికల రాతలు, ఇప్పుడు లేని హోటల్ బోర్డు, రోడ్డు వెడల్పు చేయకముందు ముందుకు పొడుచుకొచ్చిన అరుగులు, ఆ అరుగుల మీద కూర్చుని చూస్తున్న ముసలివాళ్ళు. కడపలో ఒక ఊరేగింపు క్యాసెట్టులో దర్గా దారి మొత్తం దొరికింది నాకు, దుకాణం తర్వాత దుకాణం. పెళ్ళికొడుకు కారు చెడిపోయి ఆగిపోవడం వల్ల కెమెరామన్‌కి ఏం చేయాలో తోచక అంతా తీశాడు. ఆ మెకానిక్ ఎవరో గానీ చరిత్రకి మేలు చేశాడు.

ఇప్పుడు ప్రశ్న. ఆ క్యాసెట్ ఎవరిది? స్టూడియో వాళ్ళ అలమారలో ఉంది కాబట్టి స్టూడియోదే అనుకుంటారు. నేను భాయ్‌ని అడిగితే "నాదే, నేనే కదా తీసింది, మాస్టర్ నా దగ్గరే ఉంది" అన్నాడు. చట్టం వేరేగా చెప్తుంది. 1957 కాపీరైట్ చట్టం, సెక్షన్ 17. డబ్బిచ్చి ఒకరు అడిగి తీయించుకున్న ఫొటోకి గానీ సినిమాకి గానీ, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్ళే మొదటి హక్కుదారులు. అంటే క్యాసెట్ భాయ్‌దే అయినా, బొమ్మ మీద హక్కు పెళ్ళివాళ్ళది. కాబట్టి నేను రెండు కాగితాలు రాయించుకుంటాను. ఒకటి పెళ్ళివాళ్ళతో, హక్కుకి. ఇంకొకటి భాయ్‌తో, ఇన్నేళ్ళు దాచినందుకు, వెతికి ఇచ్చినందుకు. రెండింటికీ డబ్బు ఇస్తాను. భాయ్‌కి ఇచ్చేదాన్ని లైసెన్స్ ఫీజు అని రాయను, చట్టప్రకారం అది కాదు కాబట్టి. కానీ ఇవ్వకుండా తెచ్చుకోను. మిగతా స్టూడియోల వాళ్ళు అలమారాలు ఖాళీ చేసి క్యాసెట్లు పాత ఇనప సామాన్లవాడికి వేశారు, ఆయన వేయలేదు.

పెళ్ళివాళ్ళ దగ్గరికి వెళ్ళడం ఈ పనిలో అన్నిటికంటే కష్టం. ముప్పై ఏళ్ళయింది, ఆ ఇంట్లో ఏం జరిగిందో మనకి తెలియదు. ఒక ఇంట్లో సంతోషంగా టీ ఇచ్చి, నాన్నని చూడాలని అందరూ టీవీ ముందు కూర్చున్నారు. ఇంకో ఇంట్లో ఆమె తలుపు దగ్గరే నిలబడి, "ఆ పెళ్ళి నిలబడలేదు నాయనా, దాన్ని యాడా చూపించొద్దు" అంది. సంతకం పెట్టించుకుని వాడుకోగలిగే దారి ఉండొచ్చు, పెళ్ళికి డబ్బు కట్టిన తండ్రిని అడిగితే. నేను అడగలేదు. వీధి మాత్రమే కనిపించే ముక్క తీసుకోవచ్చు కదా అని ఎడిటింగ్‌లో నా పక్కన కూర్చున్న కుర్రాడు అన్నాడు. కాపీరైట్‌కి సంబంధించినంత వరకు అది కూడా ఆ క్యాసెట్టే అన్నాను. నిజానికి చట్టం కంటే ఆమె ముఖమే గుర్తుంది నాకు.

పాటల సంగతి ఇంకో తలనొప్పి. ఊరేగింపులో బ్యాండువాళ్ళు సినిమా పాట వాయించడం తప్పు కాదు, చట్టమే పెళ్ళి ఊరేగింపుకి మినహాయింపు ఇచ్చింది. కానీ ఆ శబ్దాన్ని మీ డాక్యుమెంటరీలో పెట్టడానికి ఆ మినహాయింపు వర్తించదు. ఇక స్టూడియోలో మిక్సింగ్ చేసి మొత్తం క్యాసెట్టుకి వేసిన పాటలైతే చెప్పనక్కర్లేదు, యూట్యూబ్ వాసన పట్టేస్తుంది. నేను ఆ శబ్దం తీసేసి వీధి చప్పుడు వేరేగా వేస్తాను, అలా వేశానని చివర్లో రాస్తాను.

క్యాసెట్ చేతికొచ్చాక కూడా తొందర పడకూడదు. టేపు అంచున తెల్లటి బూజు ఉంటే మంచి వీసీఆర్‌లో పెట్టొద్దు, హెడ్‌కి అంటుకుని తర్వాత పెట్టిన క్యాసెట్లన్నిటికీ పాకుతుంది. వీసీఆర్‌లు చేసే ఆఖరి కంపెనీ 2016లో మానేసింది, కాబట్టి ఇప్పుడున్నవే మనకి దిక్కు. మినీ డీవీ అనే చిన్న డిజిటల్ టేపులకి, ఫైర్‌వైర్ అనే కేబుల్ పెట్టుకునే చోటు ఉన్న పాత కంప్యూటర్ వెతకాలి, గంటకి సుమారు 13 జీబీ అవుతుంది, కుదించకుండా అలాగే దాచాలి. పాత బొమ్మ చతురస్రానికి దగ్గరగా ఉంటుంది, దాన్ని సాగదీసి వెడల్పు తెరకి నింపొద్దు. మనుషులు పొట్టిగా లావుగా అయిపోతారు. మా దగ్గర ఇప్పటికీ సగం మంది అదే పని చేస్తారు, నల్ల అంచులు కనబడితే క్లయింటుకి నచ్చదట.

లోకల్ కేబుల్ వాళ్ళ సంగతి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే చెప్పడానికి మిగిలింది తక్కువ. వాళ్ళు రోజూ ఊరిని తీశారు. కౌన్సిల్ మీటింగులు, ఉరుసులు, తాగునీటి ధర్నాలు. టేపు ఖరీదు ఎక్కువ కాబట్టి దాని మీదే మళ్ళీ మళ్ళీ రికార్డు చేశారు. చాలా చోట్ల మిగిలింది ఆఖరిసారి తీసిందే.

ఇంతకీ ఆ కాగితంలో ఏముండాలి? లాయరు భాష అవసరం లేదు, తెలుగులో రాయొచ్చు. ఎవరు ఇస్తున్నారు, ఎవరికి, ఏ క్యాసెట్టులో ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా, ఏ పనికి, ఎక్కడెక్కడ చూపించడానికి, ఎన్నేళ్ళు, ఎంత డబ్బు, ఏ రోజు ఇచ్చారు, పేరు ఎలా వేయాలి, ఒరిజినల్ ఎప్పుడు తిరిగివ్వాలి. ఒక్క పేజీ. ఇందులో కాలం, ప్రాంతం రెండూ మరిచిపోవద్దు. గడువు రాయకపోతే అయిదేళ్ళే అని, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే అని చట్టం అనుకుంటుంది. ఊరికే "మీరు వాడుకోండి" అని రాయించుకుని, ఆరేళ్ళ తర్వాత అమెరికాలో తెలుగువాళ్ళ సభలో వేస్తే, మీ దగ్గర ఉన్న కాగితం చెల్లదన్నమాట. ఇచ్చేవాళ్ళ వైపు నుంచి చూస్తే ఇది మంచిది. అయిదేళ్ళకి మళ్ళీ వాళ్ళ గడప తొక్కాలి. దాంతో పాటు ఇంకో వాక్యం నేను తప్పకుండా రాస్తాను, దీన్ని నేను ఇంకెవరికీ అమ్మను, ఇవ్వను అని. అది లేకపోతే నాకు ఇచ్చింది నా ద్వారా పదిమందికి పోతుంది.

ఇవన్నీ చెప్పినప్పుడు వచ్చే జవాబులు నాకు తెలుసు. మొదటిది, చిన్న చానెల్స్ దగ్గర డబ్బు ఎక్కడిది? కెమెరాకి ఉంది, డ్రోన్‌కి ఉంది, థంబ్‌నెయిల్ చేసేవాడికి ఉంది. భాయ్‌కి ఇవ్వాల్సింది వచ్చేసరికి లేదు. నేను ఇచ్చేది పెద్ద మొత్తమేం కాదు. మా పనికి ఒక పూట మంచి కెమెరా అద్దెకి తెచ్చుకుంటే ఎంతో, దాదాపు అంత. కొంతమంది డబ్బు వద్దంటారు, అప్పుడు కూడా వద్దన్నారని కాగితం మీద రాయించుకుంటాను.

రెండోది, "ఏడు సెకన్ల లోపు వాడితే కేసు ఉండదు" అనే మాట. ఎవడు పుట్టించాడో గానీ సెకన్ల లెక్క మన చట్టంలో ఎక్కడా లేదు. సెక్షన్ 52 విమర్శకీ, సమీక్షకీ, వర్తమాన వార్తలు చెప్పడానికీ, సొంత పరిశోధనకీ న్యాయంగా వాడుకోనిస్తుంది. ఒక చానెల్ వరదని ఎలా చూపించిందో తప్పుపడుతూ ఆ ముక్క వేస్తే, వాదించడానికి బలం ఉంటుంది. వెనకాల కదిలే బొమ్మ కావాలి కాబట్టి వేస్తే ఉండదు.

మూడోదాంట్లో కొంత న్యాయం ఉంది. 2025 మే నెలలో ఒక పెద్ద వార్తా సంస్థ కొన్ని సెకన్ల క్లిప్పులకి స్ట్రైకులు, అంటే కాపీరైట్ ఫిర్యాదుతో చానెల్ మీద పడే మచ్చలు, వేసి, వాటిని తీసేయాలంటే లక్షల్లో లైసెన్స్ కొనమంటోందని యూట్యూబర్లు బహిరంగంగా ఆరోపించారు. మూడు స్ట్రైకులు పడితే చానెలే పోతుంది, ఒక్కో స్ట్రైకు 90 రోజులు నెత్తిన ఉంటుంది. ఆ భయాన్ని అడ్డం పెట్టుకుని ధర చెప్తే అది బేరం కాదు. అలాంటివాళ్ళకి చట్టం ధర మీద పగ్గం వేయాలనే నేనూ అంటాను. అయితే ఆ గొడవ చూపించి, స్టూడియో భాయ్ క్యాసెట్టుని ఎత్తుకుపోయే కుర్రాడు తనని తాను బాధితుడు అనుకుంటే ఒప్పుకోను. ఆ పెద్ద సంస్థ చేతిలో తను పడ్డది, తన చేతిలో భాయ్ పడుతున్నాడు. భాయ్ దగ్గర స్ట్రైకు వేసే బటన్ కూడా లేదు.

ప్రస్తుతం నేను వెతుకుతున్నది శ్రీశైలం ముంపు ఊళ్ళ బొమ్మలు. 1963 జూలై 24న నెహ్రూ శంకుస్థాపన చేసిన డ్యామ్ వెనక, 1981 నాటికి నందికొట్కూరు వైపు, ఇవతలా అవతలా, వంద దాకా ఊళ్ళు ఖాళీ చేయించారు. సంగమేశ్వరం గుడి వేసవిలో తేలినప్పుడు అందరూ డ్రోన్లు తీసుకుని పోతారు, నాకు ఆ గుడి చుట్టూ మనుషులు ఉన్నప్పటి కదిలే బొమ్మ కావాలి. ఆ ఊళ్ళ నుంచి మద్రాసో బొంబాయో పోయి ఉద్యోగం చేసి, సెలవుల్లో వస్తూ ఎనిమిది ఎంఎం కెమెరా తెచ్చినవాళ్ళు ఎవరో ఒకరు ఉండే ఉంటారు. మీ ఇంట్లో అటక మీద అలాంటి డబ్బా ఉంటే, మూత తీసి వాసన చూడండి. పుల్లగా వెనిగర్ వాసన వస్తే ప్రొజెక్టర్ మీద వేయకండి, విరిగిపోతుంది. ఎండ తగలని చల్లటి చోట పెట్టి నాకు కబురు చేయండి. స్కాన్ ఖర్చు నాది, రీలు మీదే, స్కాన్ చేసిన ఫైలు ఒక కాపీ మీకే ఇస్తాను. వాడుకోవాలంటే రేటు మీరు చెప్పండి. మరీ ఎక్కువైతే బేరమాడతాను.